కొండ దిగని జయరాముడు

ధర్మవరంలో జయరాముడి గురించి ఎవరినడిగినా ఒకటే మాట: "ఆ గళ్ల కాగితాలాయనా? మంచోడప్పా. ఎవురితోనూ మాట్లాడడు." నోరు విప్పని మనిషిని మంచివాడనుకోవడం మనవాళ్లకు అలవాటు. ఆ లెక్కన జయరాముడు ఊరికే మంచివాడు కాదు, మహానుభావుడు.

పట్టుచీర అంచు మగ్గం ఎక్కకముందే కాగితం మీద పుడుతుంది. చిన్న చిన్న గళ్లు అచ్చేసిన కాగితంలో ఒక్కో గడి ఒక్కో పోగు. జరీ ఎక్కడ పైకి తేలాలో అక్కడ గడిని ఎర్ర పెన్సిలుతో నింపాలి, మిగతావి ఖాళీగా వదలాలి. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం నెత్తిన ఎక్కితే చీర మీద మామిడి పిందెలో హంసలో దిగుతాయి. గళ్లు నింపడం జయరాముడి పని. పొద్దున ఏడింటికి కూర్చుంటే వెలుగు పోయేదాకా తల ఎత్తడు. నలభై రెండేళ్లకే మెడ ముందుకు వంగిపోయింది. ఉండేది కుళ్ళాయమ్మ ఇంటి వెనక ఒక గదిలో. ఆ అట్టలకు చిల్లులు కొట్టేది కుళ్ళాయమ్మే. ఇద్దరి మధ్యా రోజుకు నాలుగు మాటలు నడిస్తే గొప్ప.

ఇలాంటి సాధువు పదకొండేళ్లుగా పెనుకొండ కోసం యుద్ధం చేస్తున్నాడని ఎవరైనా చెప్పి ఉంటే, కుళ్ళాయమ్మ సుత్తి పక్కన పెట్టి నవ్వి ఉండేది.

చేస్తున్న మాట నిజం. అతని చేతి కింద పన్నెండు పటాలాల కాల్బలం, మూడు గుర్రపు దళాలు, పద్దెనిమిది ఫిరంగులు ఉన్నాయి. శత్రువు దగ్గర అంతకు రెట్టింపు. శత్రువు పేరు ఏసురత్నం. హిందూపురం రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా. యుద్ధం మొత్తం పోస్టులో నడుస్తుంది.

దీనికి మొదలు బెంగుళూరు కంటోన్మెంటులో ఉంది. పెద్ద యుద్ధం రోజుల్లో ఇద్దరూ అక్కడ కొలువు చేశారు. జయరాముడు పటాలు గీసేవాడు, అతనికన్నా నాలుగేళ్లు పెద్దవాడైన ఏసురత్నం కాగితాలు చూసేవాడు. వాళ్ల పైన కాలు విరిగి యుద్ధానికి పనికిరాకుండా పోయిన ఒక తెల్ల కెప్టెను ఉండేవాడు. కుర్ర ఆఫీసర్లకు పాఠం చెప్పడానికి ఇసుక పోసిన పెద్ద బల్ల ఒకటి ఆయన దగ్గర ఉండేది. పాఠాలయ్యాక ఆయన ఆ ఇసుకలోనే కొండలూ వాగులూ చేసి, నెపోలియన్ కాలపు యుద్ధాలు ఆడేవాడు. సీసపు బొమ్మలు సైనికులు, పాచికలు అదృష్టం. తనతో ఆడే తోటి దొరలు లేక ఈ ఇద్దరికీ నేర్పాడు. ఏసురత్నం మొదటిరోజు నుంచే గుర్రాలన్నిటినీ పోగేసి మీద పడేవాడు. జయరాముడు మొదటిరోజు నుంచే కొండ వెనక్కి పోయి కూర్చునేవాడు.

కొండ నెత్తిన నిలబడితే ఫిరంగి కంట్లో పడతావు. అదే వెనక వాలులో పడుకుంటే గుండ్లు నెత్తి మీదుగా పోతాయి. శత్రువు ఎగరోజుకుంటూ పైకెక్కి అవతలికి తొంగిచూసే సరికి ఎదురుగా తుపాకుల వరుస నిలబడి ఉంటుంది. "నీ దగ్గర ఎంతమంది ఉన్నారో అవతలివాడికి ఎప్పటికీ తెలియకూడదు" అనేవాడు కెప్టెను. ఈ మాట జయరాముడికి ఎంత నచ్చిందంటే, ఆటలో వాడుకున్నంత వాడుకుని మిగిలింది బతుకులోకి తెచ్చుకున్నాడు.

నలభై ఆరులో కొలువు పోయింది. ధర్మవరం వచ్చి పెళ్లి చేసుకున్నాడు. భార్య బాలనాగమ్మ గలగలా మాట్లాడే మనిషి, ఆయన బదులు కూడా ఆమే మాట్లాడేది. నలభై ఎనిమిదిలో కాన్పు కష్టమై పోయింది. మగబిడ్డ ఆమె వెనకే, అదే పూట పోయాడు. జయరాముడు ఎవరి ముందూ ఏడవలేదు. పది రోజులు గడిచాక గళ్ల కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. వీధిలో అందరూ గుండె రాయి చేసుకున్నాడని మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిన సంగతేమీ కాదది.

రెండేళ్లకు హిందూపురం నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరో నేతవాళ్ల ద్వారా ఆచూకీ దొరికిందట. "ఏమబ్బా, బతికే ఉండావా? ఇంట్లో అందరూ బాగుండారా? పిల్లోళ్లెంతమంది? నాకు ఆట మీద పానం కొట్టుకుంటాండాది. జాబుల్లో ఆడుదామా?" అని రాశాడు ఏసురత్నం.

జయరాముడు కలం తీశాడు. భార్య పోయింది అని రాస్తే అవతలినుంచి అయ్యో అని వస్తుంది. ఆ అయ్యోను చదవాలి. దానికి బదులు రాయాలి. ఆ శక్తి అతనికి లేదు. "ఇంట్లో అందరూ క్షేమం" అని రాశాడు. కలం అక్కడ ఆగలేదు. "ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు గంగాధర, చిన్నవాడు ఓబులేసు" అని కూడా రాసింది. గంగాధర అన్నది పోయిన బిడ్డకు బాలనాగమ్మ అనుకున్న పేరు. వాడొక్కడే అయితే ఒంటిగాడైపోతాడని తోడుగా ఓబులేసును పెట్టాడు.

ఆట మొదలైంది. జయరాముడు చీరల గళ్ల కాగితం మీద ధర్మవరం నుంచి హిందూపురం దాకా దేశం గీశాడు. పైన చిత్రావతి, కింద పెన్న, నడుమ పెనుకొండ. అలాంటివే రెండు పటాలు చేసి ఒకటి హిందూపురం పంపాడు. ఎత్తు వేయాలంటే ఖాళీ గళ్ల కాగితం తీసుకుని, దళాలున్న గళ్లు నింపి, ఏ గడిలో ఎంతమందో చెప్పకుండా పోస్టు చేయాలి. అవతలివాడు దాన్ని పటం మీద పరుచుకుని చూసుకుంటాడు. పాచికలకు బదులు సోమవారం పేపర్లో పడే బెంగుళూరు ఎండ డిగ్రీల చివరి అంకె. బెంగుళూరు ఎండ చివర తొమ్మిది పడితే పెనుకొండలో ఫిరంగులు పేలేవి. కెప్టెను పెట్టిన ఒక నియమాన్ని మాత్రం ఇద్దరూ వేదంలా పాటించారు: అందిన కాగితమే ఆజ్ఞ. పొరపాటైంది, మార్చుకుంటానంటే కుదరదు.

ఇంకో సదుపాయం కూడా ఉంది. ప్రతివాడూ పటం మీద నాలుగు ఉత్త దళాలు పెట్టుకోవచ్చు. గుర్తు ఉంటుంది, దాని వెనక మనుషులు ఉండరు. శత్రువు దగ్గరికొచ్చి తాకితే గానీ ఉత్తదని బయటపడదు. ఈ విద్యలో జయరాముడిని మించినవాడు లేడు. ఒక ఉత్త దళానికి భయపడి ఏసురత్నం మూడు నెలలు సోమందేపల్లి దాటలేదు. అలాగని జయరాముడు ఆటలో ఒక్క గడి కూడా మోసం చేయలేదు. కొండ వెనక ఎన్ని దళాలు పెట్టాడో తేదీ వేసి రాసుకునేవాడు. ఆటలో అంత నిజాయితీపరుడు ఉత్తరం చివరి రెండు పంక్తుల్లో మాత్రం నిస్సంకోచంగా అబద్ధమాడేవాడు. గంగాధరకు లెక్కలు వస్తున్నాయి. ఓబులేసు చెట్టెక్కి పడ్డాడు. ఆమె నీ కుశలం అడిగింది. నెలకు రెండుసార్లు ఆ రెండు పంక్తులు రాసేటప్పుడు అతని గదిలో నలుగురు ఉండేవారు. కవరు అంటించాక మళ్లీ ఒక్కడే.

అతను గెలవాలనుకోలేదు. ఏసురత్నం రెండుసార్లు గుర్రాలను వాగులో ఇరికించుకుని చేతికి చిక్కాడు. జయరాముడు దిగి కొట్టలేదు. గెలిస్తే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఉత్తరం రాదు. కొండ పోకూడదు, యుద్ధం ముగియకూడదు. అతనికి కావలసింది అంతే.

హిందూపురం ఏమైనా కాశీనా? పొద్దున పాసింజరు ఎక్కితే భోజనాల వేళకు ముందే దిగొచ్చు. ఏసురత్నం ప్రతి ఉత్తరంలోనూ "ఎప్పుడొస్తావు?" అని అడిగేవాడు. మగ్గం పని ఎక్కువనో, బావమరిది పెళ్లనో జయరాముడు తప్పించుకునేవాడు. యాభై అయిదులో ఏసురత్నమే భార్య మునెమ్మను వెంటబెట్టుకుని ధర్మవరం వస్తానన్నాడు. పిల్లలిద్దరికీ ఆటలమ్మ పోసింది, రావద్దు అని రాసి ఆపేశాడు. కాపుదల అంటే అదీ.

అరవై ఒకటి దసరాకు ముందు ఏసురత్నం తన గుర్రాలన్నీ ఒక్కచోట చేర్చి పెనుకొండ మీదికి తోలాడు. జయరాముడు వారం రోజులు ఆలోచించాడు. గుర్రాలు వస్తే కాల్బలం పెట్టెలుగా కట్టాలి. నాలుగు వైపులా సైనికులు బాయినెట్లు బయటికి చాచి నిలబడితే ఏ గుర్రమూ వాటి మీదికి దూకదు. పెట్టెలన్నీ ఒకే వరుసలో ఉంటే ఒక పెట్టె తూటాలు పక్కపెట్టెకు తగులుతాయి. అందుకని ఒకటి ముందు, ఒకటి వెనక, ఏటవాలుగా నిలపాలి. శుక్రవారానికి ఆరు పెట్టెలు ముచ్చటగా గీసుకున్నాడు. అదే రోజు కుళ్ళాయమ్మకు ఇవ్వవలసిన మామిడి పిందెల అంచు కూడా పూర్తయింది. రెండూ ఒకే రకం కాగితం, రెండిట్లోనూ ఒకే ఎర్ర పెన్సిలు. రెండిటినీ అలవాటుగా నాలుగు మడతలు పెట్టాడు. ఉత్తరం అడుగున "పిల్లలకు దసరా సెలవులు ఇచ్చారు, ఇల్లు పీకి పందిరేస్తున్నారు" అని రాసి, ఒక కాగితం కవర్లో పెట్టి పోస్టు చేశాడు. ఇంకొకటి కుళ్ళాయమ్మ చేతికిచ్చాడు.

బుధవారం కుళ్ళాయమ్మ గది ముందుకొచ్చి నిలబడింది.

"ఏమప్పా జయరాముడా, పిందెలు గీయమంటే పెట్టెలు గీసినావు? కొత్త రకమేమోలే అని అట్టలు కొట్టేసినా. మగ్గమెక్కి జానెడు నేత గూడా అయిపాయ."

జయరాముడు పరుగున మగ్గం దగ్గరికి వెళ్లాడు. అతని పటాలాలు ఆరు పెట్టెలై ముదురు ఆకుపచ్చ పట్టు మీద జరీతో మెరుస్తూ ఒకదాని వెనక ఒకటి నడిచిపోతున్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఆ చీర అమ్ముడుపోయింది కూడా, పైగా ఆ ఏడంతా పెట్టెల అంచు కావాలని అడిగినవాళ్లున్నారు. అది వేరే సంగతి. అతనికి అప్పుడు గుర్తొచ్చింది పోస్టులో వేసిన కవరు. పిందెల కాగితం హిందూపురం చేరి రెండు రోజులై ఉంటుంది.

గదికొచ్చి, తన దగ్గర మిగిలిన చిత్తు అంచును పటం మీద పరిచి చూసుకున్నాడు. అంచు కాబట్టి కాగితం ఒక పక్కగా నిలువునా దిగింది. పటంలో ఆ పక్కన ఉన్నది పెనుకొండ నుంచి హిందూపురం వెళ్లే రోడ్డు. అయిదు పిందెలు, అయిదు దండులు, రోడ్డెమ్మడి బారులు తీరి హిందూపురం గుమ్మం దాకా పోయాయి. కొండ మీద ఒక్క పెట్టె లేదు. కొండ వెనక ఒక్కడు లేడు. అందిన కాగితమే ఆజ్ఞ.

గురువారం ఏసురత్నం ఉత్తరం వచ్చింది.

"జయరాముడా, నీ కాగితం మూడు తూర్లు పటం మీద పరిచి చూసినా. పదకొండేండ్లు కొండ ఎనక దాంకున్నోడివి, ఈ పొద్దు ఉన్నోళ్లందరినీ ఎంటబెట్టుకుని దిగితివి. అడ్డం లేదు, కాపుదల లేదు. ఇట్ల ఎవురూ యుద్ధానికి రారబ్బా. ఇది యుద్ధం కాదు, నువ్వు మా ఇంటికి వస్తాండావు. పిల్లోళ్లకు సెలవులని రాసినావు గదా, నాకు అర్థమైపాయ. నా కండ్లల్లో నీళ్లు తిరిగె. మునెమ్మ ఆపొద్దునుంచి ఇల్లు అలుకుతానే ఉండాది. ఆదివారం పొద్దున బండికి టేషన్లో ఉంటా. నలుగురూ రావల్ల."

జయరాముడు మూడు జవాబులు రాసి మూడూ చింపాడు. పొరపాటున చీర అంచు పంపాను అని రాయడం తేలికే. కానీ కండ్లల్లో నీళ్లు తిరిగె అన్న మాట ఉంది కదా, దాని మీద ఆ జవాబు పడుతుంది. ఇంతకాలం తనకోసం ఎవరైనా ఏడ్చారా అని వెతుక్కున్నాడు. ఎవరూ కనపడలేదు. వెళ్లకపోతే ఉన్న ఒక్క మనిషిని నొప్పించినవాడవుతాడు. వెళితే అబద్ధం బయటపడి ఆ మనిషే పోతాడు. చివరకు వెళ్లడానికే నిశ్చయించుకున్నాడు, తగిన ఏర్పాట్లతో. పెద్దవాడికి జ్వరం. తల్లి వాణ్ణి వదిలి రాలేకపోయింది. చిన్నవాడు తల్లిని వదిలి రానన్నాడు. శనివారమంతా ఈ మూడింటినీ వల్లెవేసుకున్నాడు.

ఆదివారం హిందూపురం స్టేషన్లో దిగేసరికి ఏసురత్నం ఎదురుగా ఉన్నాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా వేసుకున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. కౌగలించుకుని వదలలేదు. వదిలాక అతని భుజం మీదుగా బోగీ తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. అందరూ దిగారు. బండి కూసింది.

"యాడప్పా మనోళ్లు?"

"పెద్దోనికి జ్వరమన్నా" అని మొదలుపెట్టి మూడూ వరసగా అప్పజెప్పాడు జయరాముడు.

ఏసురత్నం ముఖం చిన్నబోయింది. వెంటనే సర్దుకుని, "పోనీలే, నువ్వన్నా వచ్చినావు" అని సంచి లాక్కున్నాడు.

ఇల్లు చిన్నది. గుమ్మం ముందు ముగ్గు, లోపల అయిదు విస్తరాకులు వేసి ఉన్నాయి. మునెమ్మ సంగతి విని మూడు ఆకులు తీసి గోడకు ఆనించింది. "మా ఇంట్లో తింటావా అప్పా?" అని కాస్త అనుమానంగా అడిగింది. "పటాలంలో నేనూ అన్నా ఒకే తట్టలో తింటిమి వదినా" అన్నాడు జయరాముడు. ఆమెకు చాలా సంతోషమైంది.

"చిన్నోడు ఎంత ఎత్తుండాడప్పా ఇప్పుడు?" అని అడిగింది వడ్డిస్తూ.

జయరాముడు చెయ్యి ఎత్తి గాలిలో ఒకచోట ఆపాడు. ఎక్కువైందనిపించి కొంచెం దించాడు. ఆమె ఆ చేతి కిందికి, అక్కడ నిజంగా ఎవరో నిలబడి ఉన్నట్టు చూసి నవ్వింది. ఆ చూపు చూశాక చెయ్యి వెనక్కి తీసుకోవడం అతనికి కష్టమైంది.

"మాకు దేవుడు పిల్లోళ్లను ఇయ్యలే గదా" అన్నాడు ఏసురత్నం. "దీనికి నీ పిల్లోళ్లే పిల్లోళ్లు. ఆటలమ్మ పోసిందని రాస్తివి చూడు, అప్పుడు మూడు దినాలు ఉపాసముండె."

జయరాముడు తల వంచుకున్నాడు. వాళ్లిద్దరూ కళ్లు మూసుకున్నారు. ఏసురత్నం అన్నం కోసం దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. తర్వాత మునెమ్మ అందుకుంది. "సామీ, గంగాధరకు జ్వరం తగ్గించు. ఓబులేసుకు బుద్ధినియ్యి. బాలనాగమ్మకు ఓపికనియ్యి." తడుముకోలేదు. రోజూ చెప్పేవాళ్లు చెప్పినట్టే చెప్పింది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ప్రతిపూటా ఈ మూడు పేర్లు వినపడ్డాయని జయరాముడికి అప్పుడు తెలిసింది. తాను రెండు పంక్తులు రాసి మరిచిపోయేవాడు. వీళ్లు మరిచిపోలేదు. కోడి కూర కమ్మగా ఉంది, రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

మధ్యాహ్నం బండికి బయలుదేరితే మునెమ్మ నాలుగు గిన్నెల క్యారియరు చేతికిచ్చింది. ఒకదాంట్లో కూర, ఒకదాంట్లో అన్నం, రెండు గిన్నెల నిండా పప్పూ బెల్లం పెట్టిన ఓళిగలు. "పిల్లోళ్లకు వేడిగుండంగా పెట్టప్పా" అంది. ఏసురత్నం బండి కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు జయరాముడు. పంచె మీదుగా తొడలకు దాని వేడి తగులుతోంది. అబద్ధం బయటపడలేదు, కాపాడుకున్నాడు. నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఇది తీసుకెళ్లి గదిలో పెట్టాలి. పెట్టి, మూత తీసి, నలుగురి తిండి ముందు ఒక్కడూ కూర్చోవాలి. ఆ కూర్చోవడం కళ్లకు కట్టింది.

పెనుకొండలో బండి నిలిపేశారు. ఒకటే లైను కాబట్టి ఎదురుగా ధర్మవరం నుంచి వచ్చే బండికి దారివ్వాలి. జయరాముడు క్యారియరుతో సహా ప్లాట్‌ఫారం మీదికి దిగాడు. ఎదురుగా కొండ. పొద్దున వెళ్లేటప్పుడు అటు చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఎండలో మాడుతున్న గుండ్రాళ్లు, విరిగిన కోట గోడ, తుప్పలు. తన పన్నెండు పటాలాలూ ఏళ్లకేళ్లు కాపలా కాసింది దీన్ని. దాని ముందూ వెనకా ఒక్క మనిషి లేడు. రెండు మేకలున్నాయి.

ఎదురు బండి వచ్చి పక్క లైనులో ఆగింది. జయరాముడు పట్టాలు దాటి అందులో ఎక్కాడు. టికెట్ లేదు. జన్మలో టికెట్ లేకుండా బండెక్కనివాడు, ఆ సంగతి మాలుగూరు స్టేషను దాటాక గానీ గుర్తురాలేదు.

దీపాలు పెట్టే వేళకు హిందూపురంలో ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. ఏసురత్నం నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. మునెమ్మ అంట్లు తోముతోంది.

"ఏమబ్బా, బండి తప్పిపాయనా?" అంటూ లేచాడు ఏసురత్నం.

జయరాముడు క్యారియరు నేల మీద పెట్టాడు.

"తినేవాళ్లు లేరన్నా. మా ఇంట్లో ఎవురూ లేరు."

"అయ్యో సామీ" అని మునెమ్మ చేతిలో గిన్నె జారవిడిచింది. "పిల్లోళ్లకు ఏమాయప్పా?"

"పిల్లోళ్లు లేరు వదినా. ఎప్పుడూ లేరు. బాలనాగమ్మ నలభై ఎనిమిదిలోనే పాయ. బిడ్డ గూడా ఆపొద్దే పాయ. వానికి గంగాధర అని పెట్టల్లనుకునింది. ఓబులేసు ఉత్త రాతలోనోడు." ఒక్క గుక్కలో చెప్పేశాడు. "ఆ కాగితం గూడా పొరపాటునే వచ్చింది. నేను కొండ దిగలేదన్నా. అది చీర అంచు."

ఏసురత్నం మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. "పదమూడేండ్లాయనా ఆయమ్మ పోయి?" అన్నాడు. జయరాముడు తల ఊపాడు. "నాతో చెప్పకపోతివి" అన్నాడు ఏసురత్నం. "మూడు దినాలు దాన్ని పస్తు పెడితివి గదరా. లేని పిల్లోళ్ల కోసం." చటుక్కున లోపలికి వెళ్లిపోయాడు.

జయరాముడు వెళ్లిపోదామని వెనుదిరిగాడు. అతను పదకొండేళ్లు భయపడింది దీనికే. ఇప్పుడది జరిగిపోయింది.

"యాడికి పోతావు?" అంది మునెమ్మ. చెయ్యి కడుక్కుని క్యారియరు ఎత్తుకుంది. "నీకు వండి పెట్టేదెవురు ఆడ?"

"నేనే వదినా."

ఆమె లోపలికి నడిచింది, అతను కూడా వస్తాడన్నట్టు. అతను వెళ్లాడు. ఏసురత్నం దీపం ముందు బైబిలు పట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. అది సాయంత్రం ప్రార్థన వేళ. పుస్తకం తెరిచాడు గానీ చదవలేకపోయాడు. భార్య వైపు చూసి, "నువ్వు చెప్పు" అన్నాడు.

మునెమ్మ కళ్లు మూసుకుంది. అలవాటు కొద్దీ "గంగాధర" అనబోయి ఆగింది. ఆ ఆగడం జయరాముడు విన్నాడు.

"సామీ" అని మళ్లీ మొదలుపెట్టింది ఆమె, "ధర్మవరంలో జయరాముడుండాడు. ఆయప్పకు పెండ్లాం లేదు, పిల్లోళ్లు లేరు. ఒంటిగా ఉండాడు. శానా ఏండ్లనుంచి ఒంటిగా ఉండాడు. మేము తెలుసుకోలేకపోతిమి. మమ్మల్ని క్షమించు."

క్షమించమని అడగవలసినవాడు తాను. అడుగుతున్నది ఆమె. పదమూడేళ్లుగా తనకొక్కడికే తెలిసిన ఆ మాటను ఇంకొకరు పైకి చెప్పడం అదే మొదలు. జయరాముడికి ఏడుపు వచ్చింది. పెద్దగానే వచ్చింది. ఏసురత్నం పుస్తకం మూసి, జరిగి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. జయరాముడు ముఖం అటు తిప్పుకోలేదు.